216 రైళ్ల స్టేషన్‌లో అర్ధరాత్రి

రాత్రి పన్నెండున్నరకి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మా ఊరి రైల్వే స్టేషన్, సిన్సినాటి యూనియన్ టెర్మినల్ ముందు కారు ఆపాం. అంత పెద్ద ఆవరణలో మా కారు కాక ఇంకో నాలుగైదు ఉన్నాయేమో. ఎదురుగా లైట్ల వెలుగులో ఆ సగం గోపురం. పాత కాలపు రేడియో పెట్టెని కొండంత చేసి నిలబెట్టినట్టు ఉంటుంది. మధ్యలో గడియారం. ఆ గడియారాన్ని పగలు ఎన్నోసార్లు చూశాను. రైలు టైం కోసం చూడడం మాత్రం అదే మొదటిసారి.

మమ్మల్ని దింపడానికి వచ్చిన మా ఆయన దారంతా ఒకటే మాట. "చికాగో కారులో ఐదు గంటలు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. పిల్లని నిద్ర చెడగొట్టి రాత్రి ఒంటిగంటన్నర రైలు ఎక్కించడం దేనికి?" ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఎనిమిదేళ్లుగా ఈ భవనానికి వస్తూపోతూ ఒక్కసారి కూడా ఇక్కడ రైలెక్కలేదన్న సంగతి నన్ను కొన్ని నెలలుగా తొలిచేస్తోంది.

మేం ఇక్కడికి మ్యూజియం కోసమే వచ్చేవాళ్లం. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు పిల్లల మ్యూజియం, తర్వాత డైనోసార్లు, ఆ తర్వాత పెద్ద తెర సినిమా. ఆదివారం వస్తే గోపురం కింద పిల్లల కేకలు, తోపుడు బళ్లలో పాపాయిలు, గోల గోల. ఇది ఒకప్పుడు రైల్వే స్టేషన్ అని తెలుసు. ఇప్పటికీ స్టేషనే అని మాత్రం చాలాకాలం తెలియదు. ఒకరోజు బాత్రూం వెతుక్కుంటూ పక్కకి వెళితే ఒక గది, నాలుగు వరసల కుర్చీలు, ప్యాసింజర్ రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ బోర్డు. లోపల ఎవరూ లేరు. వారానికి మూడు రోజులు న్యూయార్క్ వైపు, మూడు రోజులు చికాగో వైపు కార్డినల్ అనే రైలు ఆగుతుందని అప్పుడు తెలిసింది. ఎటు వెళ్లేదైనా అర్ధరాత్రి దాటాకే.

ఆ రోజే పైన ఉన్న పాత సిగ్నల్ గదికి, టవర్ ఎ అంటారు, వెళ్లాం. పెద్ద పెద్ద కిటికీలు, కింద యార్డు అంతా కనిపిస్తుంది. స్వచ్ఛందంగా వచ్చి అన్నీ వివరించే ఒక పెద్దాయన ఉన్నారక్కడ. కింద కంటెయినర్లతో నిండిన గూడ్సు బండి ఒకటి నెమ్మదిగా పోతోంది. ఎన్ని బోగీలో మా అమ్మాయి లెక్కపెడుతోంది. ఆయన నా పక్కకి వచ్చి, "ఈ స్టేషన్‌ని రోజుకి 216 రైళ్ల కోసం కట్టారమ్మా" అన్నారు. 108 వచ్చేవి, 108 వెళ్లేవి.

నేను మనసులోనే లెక్క వేశాను. వారానికి 1,512. ఇప్పుడు ఆరు.

ఆ లెక్క తెలిశాక భవనం నా కంటికి వేరేగా కనబడటం మొదలైంది. అంతకుముందు ఈ గోపురాన్ని గొప్ప కోసం కట్టిన గోపురం అనుకునేదాన్ని. కాదు, ఇదంతా జనాన్ని నడిపించడానికి వేసిన లెక్క. గోపురానికి ఒక పక్క నుంచి మూడు వాలుదార్లు లోపలికి దిగుతాయి. ఒకటి టాక్సీలకి, ఒకటి బస్సులకి, ఒకటి ట్రామ్‌లకి. ప్రయాణికుల్ని గోపురం కిందనే దింపి, అర్ధచంద్రాకారంలో తిరిగి, రెండో పక్క నుంచి బయటికి వెళ్లిపోవాలి. వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ ఒకరికొకరు అడ్డం రాకూడదు. గోపురం దాటి నేరుగా నడిస్తే పట్టాల మీదుగా కట్టిన కాన్‌కోర్స్, అంటే జనం నడిచే పొడవైన హాలు, అక్కడి నుంచి కిందికి ఎనిమిది ప్లాట్‌ఫాంలు, పదహారు లైన్లు. రోజుకి 17,000 మంది వస్తారని అంచనా. ఒకే ఊళ్లో ఐదు స్టేషన్లలో చెల్లాచెదురుగా ఉన్న ఏడు రైలు కంపెనీలు కలిసి వేసుకున్న ప్లాన్ ఇది. ఖర్చు 4 కోట్ల 10 లక్షల డాలర్లు, ఆ రోజుల్లో. ఫెల్‌హైమర్ అండ్ వాగ్నర్ సంస్థ డిజైన్ చేసింది. పాల్ క్రే అనే ఆర్కిటెక్ట్ సలహాతో అది ఇప్పుడున్న రూపానికి వచ్చింది. ఆ కాలపు అలంకార శైలి అది, ఆర్ట్ డెకో అంటారు.

ప్రారంభం 1933 మార్చి 31న అనుకున్నారు. ఈలోగా ఒహాయో నది పొంగి పాత స్టేషన్లు నీళ్లపాలయ్యాయి. దాంతో మార్చి 19నే కొత్త స్టేషన్‌లోకి రైళ్లు మళ్లించారు. నాకు ఈ ఉదంతం చాలా ఇష్టం. రిబ్బన్ కత్తిరించకముందే, తడిసిన బూట్లతో, అవసరం కొద్దీ జనం లోపలికి వచ్చేశారు. స్టేషన్ అంటే అలా వాడుకలోకి రావాలి.

కానీ 1933 అంటే ఆర్థిక మాంద్యం అట్టడుగున ఉన్న సంవత్సరం. అమెరికాలో రైలు ప్రయాణాలు 1920లో శిఖరానికి చేరాయి, ఆ ఏడాది 120 కోట్లకు పైగా ప్రయాణాలు. తర్వాత కార్లు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. అంటే ఈ భవనానికి పునాది తవ్వేటప్పటికే ఎదురుగాలి మొదలైంది. కట్టినవాళ్లని నేను తప్పుపట్టను. అన్ని రైళ్లూ ఒకే చోటికి రావాలన్నది ఊరు దశాబ్దాలుగా అడుగుతున్నదే. పదిహేనేళ్లు ముందే కట్టి ఉండాల్సింది, అంతే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక్కసారి నిజంగా నిండింది. సైనికులతో, వాళ్లని సాగనంపే కుటుంబాలతో కొన్ని రోజుల్లో 34,000 మంది దాకా వచ్చారట. అనుకున్నదానికి రెట్టింపు. ఆ పదహారు లైన్లూ ఒక్కటి ఖాళీ లేకుండా ఉన్న రోజులవి.

తర్వాత ఏమైందని ఎవరినడిగినా ఒకే జవాబు వస్తుంది. కార్లొచ్చాయి, విమానాలొచ్చాయి, జనం రైలు మానేశారు. నాకు ఆ జవాబు సరిపోలేదు. జనం వాళ్లంతట వాళ్లు మానేశారన్నట్టు ఉంటుంది అది. కొన్నాళ్లు దొరికిందల్లా చదివాను. సగం కథ టికెట్ కౌంటర్‌కి చాలా దూరంలో, ప్రభుత్వ నిర్ణయాల్లో జరిగింది.

యుద్ధ సమయంలో అనవసర ప్రయాణాలు తగ్గించడానికని టికెట్ల మీద కేంద్ర పన్ను వేశారు. బస్సుకీ విమానానికీ కూడా ఉండేది, సొంత కారుకి మాత్రం లేదు. యుద్ధం అయిపోయి పదిహేనేళ్లు దాటినా, 1962 దాకా రైలు టికెట్ మీద ఆ పన్ను పూర్తిగా పోలేదు. 1947లో ఇంకో ఆదేశం వచ్చింది. ఇంజన్లో సిగ్నల్ చూపించే ఖరీదైన ఏర్పాటు లేని మార్గాల్లో రైళ్లు గంటకి 80 మైళ్లు అందుకోకూడదని. పెద్ద ప్రమాదం తర్వాత వచ్చిన భద్రతా నియమమే, కాదనను. కానీ డబ్బు పెట్టలేని కంపెనీలు రైళ్ల వేగం తగ్గించేశాయి. అంతకు ముందు వందకి దగ్గరగా పరిగెత్తిన రైళ్లున్నాయి. 1956లో అంతర్రాష్ట్ర హైవేల చట్టం వచ్చింది. 41,000 మైళ్ల రోడ్లు, ఖర్చులో 90 శాతం కేంద్రానిది. విమానాశ్రయాలు కట్టింది ప్రజల డబ్బుతోనే. రైలు కంపెనీలు మాత్రం తమ పట్టాలకీ స్టేషన్లకీ తామే ఖర్చు పెట్టుకుని, పైగా వాటి మీద ఆస్తి పన్ను కట్టేవి. ఇంత పెద్ద స్టేషన్ ఉంటే అంత పెద్ద పన్ను.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఉత్తరాల సంగతి. ప్యాసింజర్ రైలుకి తపాలా బోగీ ఉండేది. అందులో ఉద్యోగులు నిలబడి, రైలు పోతుండగానే ఊళ్లవారీగా ఉత్తరాలు వేరుచేసేవారు. ఆ తపాలా ఒప్పందాల డబ్బే చాలా రైళ్లని నిలబెట్టింది. సీట్లు సగం నిండకపోయినా బండి నడిచేది. 1967లో తపాలా శాఖ ఆ పనిలో చాలావరకు లారీలకీ విమానాలకీ మళ్లించింది. చాలా రైళ్లకి అదే చివరి దెబ్బ. సీట్లో కూర్చున్న మనిషికి తన ప్రయాణాన్ని ముందు బోగీలోని ఉత్తరాలు మోస్తున్నాయని తెలియదు. ఒకరోజు ఉత్తరాలు పోయాయి, ఇంకొన్నాళ్లకి రైలు పోయింది.

1971 మే 1న ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ వచ్చి ప్యాసింజర్ రైళ్లని తీసుకుంది. ఆ మొదటి రోజే అప్పటిదాకా నడుస్తున్న రైళ్లలో దాదాపు సగం ఆగిపోయాయి. సిన్సినాటికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటికోసం ఇంత భవనం ఎందుకని, 1972 అక్టోబరులో ఊరి మరో మూల చిన్న స్టేషన్‌కి మారిపోయారు.

హైవే గురించి ఒక మాట చెప్పాలి. స్టేషన్ ముందు నిలబడితే ఐ-75 మీద వాహనాల హోరు వినిపిస్తుంది. స్టేషన్‌కీ ఊరి మధ్యకీ నడుమ ఒకప్పుడు ఇళ్లు, దుకాణాలు, చర్చిలు ఉన్న పేట ఉండేది. ఎక్కువ మంది నల్లజాతి కుటుంబాలు. హైవే కోసం, ఊరి పునర్నిర్మాణం పేరుతో దాన్ని నేలమట్టం చేశారు. పాతిక వేల మందికి పైగా ఇళ్లు పోగొట్టుకున్నారు. స్టేషన్ పాడుపడిందని అందరం బాధపడతాం. స్టేషన్‌కి నడిచి రాగలిగిన మనుషుల్నే అక్కడి నుంచి లేపేశారన్నది ఏ పర్యాటక కరపత్రంలోనూ నాకు కనిపించలేదు.

ఖాళీ అయిన భవనాన్ని ఏం చేశారో చెప్పాలి. పట్టాల మీదున్న కాన్‌కోర్స్‌ని 1974లో కూల్చేశారు. పాతబడి కూలిపోతోందని కాదు. సదరన్ రైల్వేకి లారీ ట్రెయిలర్లని మోసే ఎత్తైన గూడ్సు వ్యాగన్లు నడపాలి, వాటికి ఈ కట్టడం అడ్డం. టవర్ ఎ కిటికీలోంచి మా అమ్మాయి లెక్కపెట్టిన ఆ కంటెయినర్ల బండి సరిగ్గా ఒకప్పుడు జనం నడిచిన చోటు కింద నుంచే పోతోందని ఇంటికొచ్చాక అర్థమైంది.

ఆ కాన్‌కోర్స్ గోడల మీద మొజాయిక్ చిత్రాలు, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన బొమ్మలు, ఉండేవి. జర్మనీలో పుట్టి అమెరికా వచ్చిన వినోల్డ్ రైస్ అనే చిత్రకారుడు వేసినవి. దేవుళ్లూ రాజులూ కాదు, ఈ ఊళ్లోని ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల బొమ్మలు. రోలింగ్ మిల్లులో ఇనుము లాగేవాళ్లు, పియానోలు చేసేవాళ్లు, తోలు పనివాళ్లు. ఒక్కొక్కటి ఇరవై అడుగుల ఎత్తు. కూల్చివేతకి ముందు ఊరివాళ్లు పట్టుబట్టి పద్నాలుగింటిని కాపాడారు. కాపాడి ఎక్కడికి తీసుకెళ్లారనుకున్నారు? విమానాశ్రయానికి. అక్కడి పాత టెర్మినళ్లు కూల్చినప్పుడు వాటిలో తొమ్మిది మళ్లీ ప్రయాణం కట్టి ఊళ్లోని కన్వెన్షన్ సెంటర్‌కి చేరాయి. వీటితోపాటు ఉన్న పెద్ద ప్రపంచ పటం మొజాయిక్‌ని మాత్రం తరలించలేక కూల్చివేతలో పోనిచ్చారు. ప్లాట్‌ఫాంకి వెళ్లే జనం అందరూ దాని ముందు నుంచే నడిచి ఉంటారు. నేను ఫొటోలోనే చూశాను.

1980లో గోపురాన్ని షాపింగ్ మాల్ చేశారు, కొన్నేళ్లకే మూతపడింది. 1990లో మ్యూజియం వచ్చింది, మరుసటి ఏడాది ఆమ్‌ట్రాక్ తిరిగొచ్చింది. 2014లో భవనం మరమ్మతు కోసం ఐదేళ్లపాటు పావు శాతం అమ్మకపు పన్ను కడదామా అని ఇక్కడి ఓటర్లని అడిగితే సరేనన్నారు. 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టి 2018కల్లా బాగుచేశారు. ఈ ఊరివాళ్లంటే నాకు గౌరవం పెరిగింది అక్కడే. రైలు ఎక్కనివాళ్లు కూడా స్టేషన్ కోసం పన్ను కట్టారు.

మిగతా ఊళ్ల సంగతులూ తెలుసుకున్నాను. న్యూయార్క్ పెన్ స్టేషన్ కూల్చివేత 1963లో మొదలైంది. ఆ కోపంలోంచే 1965లో అక్కడ చారిత్రక కట్టడాల చట్టం వచ్చింది, ఆ చట్టమే ఆ ఊళ్లోని మరో పెద్ద స్టేషన్ గ్రాండ్ సెంట్రల్‌ని కాపాడింది. 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. డెట్రాయిట్‌లోని మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ని మాత్రం స్వయంగా చూసొచ్చాను. 1913లో తెరిచినప్పుడు ట్రామ్‌లు ఉన్నాయన్న ధీమాతో ఊరి నడిబొడ్డుకి దూరంగా కట్టారు. ట్రామ్‌లు ఆగాక అది ఒంటరిదైపోయింది. 1988 జనవరిలో చివరి రైలు. ముప్పై ఏళ్లు కిటికీలు పగిలి, పద్దెనిమిది అంతస్తుల అస్థిపంజరంలా నిలబడింది. ఫోర్డ్ కంపెనీ 2018లో కొని, 2024 జూన్‌లో తెరిచింది. లోపల వెయిటింగ్ హాలు చూస్తే నోట మాట రాదు. కప్పు మీద పలకలు ఒక్కొక్కటి శుభ్రం చేసి బిగించారు. హాలంతా తిరిగాను, అలవాటు కొద్దీ ప్లాట్‌ఫాం వైపు దారి వెతికాను. ఎక్కడానికి రైలు లేదు. ఒక కార్ల కంపెనీ రైల్వే స్టేషన్‌ని బతికించడం మీద చాలామంది రాశారు, నాకది తప్పుగా అనిపించలేదు. ఎవరో ఒకరు బతికించారు, చాలు. నా బాధల్లా ఒకటే. రాయి, పలక, గడియారం, బెంచీ, అన్నిటినీ డబ్బుతో వెనక్కి తేగలిగాం. టైం టేబుల్‌ని వెనక్కి తేవడం గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఒకప్పుడు సిన్సినాటి నుంచి చికాగోకి జేమ్స్ విట్‌కమ్ రైలీ అనే రైలు ఉండేది, ఒక కవి పేరు మీద. పొద్దున బయల్దేరి ఆరు గంటల్లోపే చేర్చేది. ఇప్పుడు అదే ప్రయాణానికి తొమ్మిది గంటలకు పైగా పడుతుంది, అదీ రాత్రి ఒంటిగంటన్నరకి ఎక్కితే. పట్టాలు సరుకు రవాణా కంపెనీలవి. కార్డినల్ ఒక చివర చికాగో, మరో చివర న్యూయార్క్. ఆ రెండు చోట్లా మంచి వేళల్లో ఉండాలి, పగలు పశ్చిమ వర్జీనియా కొండలు కనబడాలి. ఇక మధ్యలో ఉన్న మా ఊరికి రాత్రే మిగులుతుంది. రోజుకి ఒక్క పగటి రైలు ఉంటే మా ఆయన ఆ ప్రశ్న అడిగేవారు కాదు.

సరే, ఆ రాత్రికి వస్తాను.

వెయిటింగ్ గదిలో ఇరవై మంది దాకా ఉన్నారు. నేను ఐదారుగురు అనుకున్నాను. ఊతకర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ, ఇద్దరు కాలేజీ పిల్లలు, నేల మీద దుప్పటి పరచి పిల్లాడిని పడుకోబెట్టిన ఒక జంట. పెద్దావిడ తను కారు నడపడం మానేసి ఆరేళ్లయిందని, మనవళ్లని చూడాలంటే ఈ రైలే దిక్కని చెప్పింది. రైలు ప్రయాణం అంటే నాలాంటి వాళ్ల సరదా అనుకునేవాళ్లు ఒక్కసారి అర్ధరాత్రి ఆ గదిలో కూర్చోవాలి.

రైలులో మా అమ్మాయి ఎక్కీ ఎక్కగానే నిద్రపోయింది. నాకు పట్టలేదు. తెల్లవారేసరికి ఇండియానా, చుట్టూ చదునైన పొలాలు, మంచు పొర. మా ఊరికంటే గంట వెనక నడిచే అక్కడి టైం ప్రకారం పది గంటలకి చికాగో యూనియన్ స్టేషన్.

అక్కడి గ్రేట్ హాల్‌లోకి అడుగుపెట్టగానే ఇద్దరం ఆగిపోయాం. 1925లో తెరిచిన హాలు. 115 అడుగుల ఎత్తున గాజు కప్పు, దాన్నుంచి జారే పగటి వెలుతురు, పొడవాటి చెక్క బెంచీలు. ఇక్కడా ఒకప్పటి కాన్‌కోర్స్‌ని 1969లో కూల్చేశారు, అంటే ఇదీ సగం స్టేషనే. కానీ బెంచీల మీద జనం! సూట్‌కేసుల చక్రాల చప్పుడు, అనౌన్స్‌మెంట్లు, లోకల్ రైళ్ల కోసం పరుగులు. ఇక్కడి పాలరాతి మెట్లు తొంభై ఏళ్ల పాదాల తాకిడికి గుంటలు పడితే, రోమ్ దగ్గర మొదట రాయి తెచ్చిన క్వారీ నుంచే మళ్లీ రాయి తెప్పించి వేశారు. మెట్లు అరిగిపోయేంత వాడుక. ఒక స్టేషన్‌కి అంతకంటే మంచి మరమ్మతు ఉంటుందా!

సాయంత్రం అదే రైలు తిరుగు ప్రయాణం. రైలు కోసం కూర్చున్నప్పుడు మా అమ్మాయి నోట్‌బుక్ తీసి డిపార్చర్ బోర్డుని పొల్లుపోకుండా రాసుకుంది. "అమ్మా, ఎన్ని ఊళ్లో చూడు" అని మధ్యమధ్యలో చూపించింది. స్కూల్లో ఎవరికైనా చూపిస్తుందేమో అనుకున్నాను.

తెల్లవారుజాము మూడు దాటాక సిన్సినాటిలో దిగాం. దిగినవాళ్లు దిగినట్టే కార్లలో వెళ్లిపోయారు. మా ఆయన దారిలో ఉన్నానని మెసేజ్ పెట్టారు. గోపురం కింద మేమిద్దరమే. అక్కడ అటొకటి ఇటొకటి, గోడ వారగా నీళ్లు తాగే కొళాయిలున్నాయి. ఒకదాని దగ్గర గోడకి మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే, ఆ మాట గోపురం వంపు మీదుగా వెళ్లి ఎదుటి కొళాయి దగ్గరున్నవాళ్లకి వినబడుతుంది. పగలు పిల్లల గోలలో ఎన్నిసార్లు ప్రయత్నించినా సగం సగమే వినిపించేది.

"అమ్మా, నువ్వు అటెళ్లు" అంది. వెళ్లి గోడకి చెవి ఆనించాను. అంత దూరంలో తను నోట్‌బుక్ తెరవడం కనిపించింది. తర్వాత నా చెవి పక్కనే నిలబడి చదువుతున్నంత స్పష్టంగా, నిద్రమత్తు గొంతుతో, ఒక్కొక్కటే వినిపించాయి. మిల్వాకీ. సెయింట్ లూయిస్. గ్రాండ్ రాపిడ్స్. పాంటియాక్. న్యూ ఆర్లియన్స్. తర్వాత కాసేపు ఆగి, పేజీ తిప్పి, సిన్సినాటి.